‘వెళ్లి’ అసమాపక క్రియ



మతవిషయాల జోలికి ఇక్కడ పోరాదని చాలాకాలం క్రిందటే నియమం పెట్టుకొన్నాను. పద్యాలకు ప్రతిపదార్థాలు, పలుకుబడుల ముచ్చట్లు, ముప్పై నాలుగేళ్ళ బడిజీవితపు జ్ఞాపకాలు, వీటితోనే ఇన్నాళ్ళూ కాలక్షేపం చేశాను. ఆ నియమాన్ని నేడు నేనే ఉల్లంఘిస్తున్నాను. టపా దీర్ఘమైనది, అక్కడక్కడ పరుషమైనది కూడాను. ఓపికపట్టి చదువగోరుతాను.

గత మాసంలో మా పట్టణంలో మూడు రాత్రులు మిషనరీ సభలు జరిగాయి. పుట్టుకచేత, విశ్వాసంచేత నేను క్రైస్తవుడను గనుక నేనూ వెళ్ళాను. మూడవరాత్రి ప్రసంగీకుడు దూరప్రాంతంనుండి వచ్చినవాడు, గొప్ప వక్త. తెరపై భారతదేశపటం వేయించి, ఎఱ్ఱరంగు పూసిన జిల్లాలను చూపిస్తూ, మీరిక్కడ సుఖంగా కూర్చున్న ప్రతి నిమిషమూ అక్కడ ఇన్ని ఆత్మలు నశించిపోతున్నాయని, ఆ రక్తానికి దేవుడు మిమ్మల్నే లెక్క అడుగుతాడని గద్గదస్వరంతో చెప్పాడు. దీపాలు తగ్గించారు. వెనుకనుండి కీబోర్డు సన్నగా మ్రోగుతూ ఉంది. “వెళ్ళేవారు లేచి నిలబడండి” అన్నాడు. పదిహేడుగురు లేచారు. వారిలో ఒకడు నా శిష్యుడు.

నా ఉద్యోగంలో చివరి సంవత్సరం ఆరవ తరగతిలో నావద్ద తెలుగు చదివినవాడు. ఇప్పుడు పాలిటెక్నిక్ రెండవ సంవత్సరం. తండ్రి లేడు. తల్లి మిరప కోతలకు, కలుపులకు పోయి వాణ్ణి చదివిస్తున్నది. సభలు ముగిసిన మూడవనాడు ఆమె మా యింటికి వచ్చి అరుగు క్రిందనే నిలబడింది.

“మాస్టారూ, పిల్లోడు చదువాపేసి ఒడిసా కొండల్లోకి పోతానంటన్నాడు. దేవుడి పని కదా, కాదంటే నాకేమన్నా పాపం చుట్టుకుంటదా?”

ఆమె అడిగినది కొడుకును ఆపడానికి ఉపాయం కాదు. తనకు పాపం అంటుతుందా అని. ఆ ప్రశ్నే ఈ టపాకు కారణం. ఒక పేదతల్లి నోట ఆ ప్రశ్న పుట్టించిన ప్రసంగం సువార్త కానేరదని నా అభిప్రాయం. సువార్త అంటే మంచి కబురు. మంచి కబురు విన్నవారు భయంతో ఇంటికి పోరు.

* * *

ముందుగా నాకు తెలిసిన విద్య, వ్యాకరణం, దానితో మొదలుపెడతాను.

మిషనరీ పిలుపుకంతటికీ ఆధారంగా చూపించేది మత్తయి సువార్త చివరనున్న ప్రభువు ఆజ్ఞ. ప్రసంగీకుడు ఆ రాత్రి ‘వెళ్ళడం’ అనే మాటను నలభైసార్లకు తక్కువ కాకుండా పలికి ఉంటాడు. మంచిదే. కాని గ్రీకు మూలంలో ఆ వాక్యానికి ప్రధానమైన విధ్యర్థక క్రియ ఒక్కటే: శిష్యులనుగా చేయడం. వెళ్ళడం, బాప్తిస్మమివ్వడం, బోధించడం అనే మూడూ దానిని ఆశ్రయించుకొన్న అసమాపక రూపాలే. మన తెలుగు అనువాదకులు ‘వెళ్లి’ అని క్త్వార్థకంగానూ, ‘ఇచ్చుచు’ అని శత్రర్థకంగానూ చక్కగా నిలిపారు. బోధించడాన్ని మాత్రం విధిగా మార్చారు. బడిపంతులును గనుక ఆ మార్పుమీద నాకు కోపం లేదు.

ఆరవ తరగతి పిల్లవాడికి నేను చెప్పిన పాఠమే ఇది. ‘రాముడు ఊరికి వెళ్లి’ అని ఆపితే వాక్యం పూర్తికాదు. వెళ్లి ఏం చేశాడు? సమాపక క్రియ వస్తేగాని ఆ వెళ్ళడానికి అర్థం రాదు. ‘వెళ్లి’కి కూడా ఆజ్ఞాబలం ఉన్నదని వేదాంతులు వాదిస్తారు. ఒప్పుకొంటాను. ‘పోయి నీళ్ళు తే’ అంటే పోవద్దని కాదు గదా! కాని పోయి, బిందె మరచి, నుయ్యి చూసి, నూతిగట్టుమీద ఫోటో దిగి వచ్చినవాణ్ణి నీళ్ళు తెచ్చినవాడని ఎవరూ అనరు. మన సభలు ‘వెళ్లి’ దగ్గర వాక్యాన్ని ఆపివేస్తున్నాయి. అదే నా ఫిర్యాదు.

ఇక ‘శిష్యుడు’ అన్న మాట. తెలుగువాడికి దీని బరువు వేరే చెప్పనక్కరలేదు. శిష్యుడు చేయి ఎత్తించి లెక్కపెట్టేవాడు కాడు. దగ్గర కూర్చోబెట్టుకొని ఏళ్ళ తరబడి నేర్పవలసినవాడు. గురువు భాష శిష్యుడికి, శిష్యుడి భాష గురువుకు తెలియకుండా ఆ సంబంధం ఏర్పడదు. కుఱ్ఱవాణ్ణి పిలిచి, “నాయనా, నీవు వెళ్ళే ఊళ్ళో ఏ భాష మాట్లాడతారు?” అని అడిగాను. “తెలీదు మాస్టారూ, అవన్నీ వాళ్ళే చూసుకుంటామన్నారు” అన్నాడు. ఆ కొండల్లో ఒడియా ఒక్కటే కాదు, కుయి మాట్లాడేవారున్నారని వాడికెవరూ చెప్పలేదు. ఆ రాష్ట్రంలో 1967లోనే మతమార్పిడులపై చట్టం వచ్చిందనీ చెప్పలేదు. 1977లో సుప్రీంకోర్టు స్టెనిస్లాస్ కేసులో, మతప్రచారం చేసుకొనే హక్కులో మరొకరిని మతం మార్చే హక్కు ఇమిడి లేదని తీర్పిచ్చిన సంగతీ చెప్పలేదు. ఆ తీర్పు నచ్చినా నచ్చకపోయినా, పందొమ్మిదేళ్ళవాణ్ణి పంపేవాడు ఆ మాట చెప్పి పంపవద్దా? యుద్ధానికి పంపేవాడైనా కత్తి ఏ చేత పట్టాలో చెబుతాడు.

* * *

“పండితుడుగారూ, ఇలా లెక్కలు వేసుకొని కూర్చుంటే కేరీ కదిలేవాడా?” అని ఒక మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. జవాబు చెబుతాను.

విలియం కేరీ చెప్పులు కుట్టినవాడు. ఆ మాట వ్రాస్తున్నప్పుడు నా చేయి కొంచెం గర్వంగా కదులుతుంది. కారణం క్రింద చెబుతాను. క్రీస్తు ఆజ్ఞ అపొస్తలులతోనే తీరిపోయిందని, తరువాతివారికి ఆ బాధ్యత లేదని ఇంగ్లండులో పెద్దలు వాదిస్తున్న రోజుల్లో, 1792లో ఆయన ఒక చిన్న పుస్తకం వ్రాసి ఆ వాదాన్ని ఖండించాడు. మరుసటి సంవత్సరమే బెంగాలు చేరాడు. మొదటి బెంగాలీ విశ్వాసి కృష్ణపాల్ బాప్తిస్మం పొందినది 1800 డిసెంబరులో. అంటే ఏడేళ్ళు! ఆ ఏడేళ్ళూ ఆయన చేసినదేమిటి? భాష నేర్చాడు, నీలిమందు కర్మాగారంలో పనిచేసి పొట్టపోసుకొన్నాడు, బిడ్డను పోగొట్టుకొన్నాడు. తరువాత 1814లో మన తెలుగుకు ఒక వ్యాకరణం అచ్చువేశాడు. 1818లో తెలుగు క్రొత్తనిబంధన శ్రీరామపురం అచ్చుకూటంనుండి వెలువడింది. అంతకుముందే, 1805లో విశాఖపట్నంలో దిగిన క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు ఆనందరాయర్ సాయంతో సువార్తలను తెనిగించనారంభించి, ఒకరు 1809లో, మరొకరు 1810లో కన్నుమూశారు.

ఈనాడు ప్రతి నెలా ‘ఇన్ని ఆత్మలు’ అని పట్టిక పంపకపోతే జీతం ఆగిపోయే పద్ధతిలో కేరీ ఉండివుంటే, ఏడేళ్ళ సున్నాలకు ఆయనను ఎప్పుడో వెనక్కి పిలిపించి ఉండేవారు. కేరీ పేరు చెప్పి పిల్లలను లేపుతున్నవారు కేరీ ఓపికను మాత్రం ఎక్కడో దాచిపెడుతున్నారు.

* * *

ఇక మా ఒంగోలు సంగతి. ఇది నా రక్తంలోని కథ.

అమెరికన్ బాప్తిస్టులు 1836లో తెలుగుదేశానికి వచ్చారు. నెల్లూరు కేంద్రంగా ఏళ్ళ తరబడి శ్రమించినా ఫలితం అత్యల్పం. మూసివేద్దామని స్వదేశంలో పలుమార్లు చర్చ జరిగింది. ఒంటరి నక్షత్రం అన్న పేరు దానికి ఆ రోజుల్లోనే వచ్చింది. 1866లో జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టాడు. మాదిగవారిని చేర్చుకోకపోతే మేమంతా సహకరిస్తామని అగ్రవర్ణాల పెద్దలు ఆయనకు చెప్పారు. లౌకికుడైతే ఒప్పుకొనేవాడే. ఆయన ఒప్పుకోలేదు. ఎఱ్ఱగుంట్ల పేరయ్య వంటివారు ఆ పల్లెలనుండే లేచి, తామే ఊరూరా తిరిగి చెప్పారు. ఆ పనిలో నిజమైన కాళ్ళు తెలుగువారివే.

1876లో మొదలైన మహాక్షామంలో జనం పిట్టల్లా రాలిపోతూ ఉంటే, క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడుమైళ్ళ తవ్వకానికి గుత్త తీసుకొని, వేలమందికి పని, కూలి కల్పించాడు. మా ముత్తాత ఆ కాలువలో మట్టితట్ట మోసినవాడని మా యింట చెప్పుకొనేవారు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని గుంపులు గుంపులుగా అడిగారు. ఆయన ఏమి చేశాడో తెలుసునా? నిరాకరించాడు. ఆకలితో అడుగుతున్నారేమో, అన్నం చేతిలో పెట్టి మతం ఇవ్వరాదని ఏడాదికి పైగా ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరవు సహాయం ముగియవచ్చిన తరువాతనే, ఇక మా దగ్గర డబ్బు లేదు సుమా అని చెప్పిన తరువాతనే, తలుపు తెరిచాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ 2,222 అనే సంఖ్య మా సంఘాల్లో చంటిపిల్లలకు కూడా కంఠస్థం. ప్రతి మిషనరీ సభలోనూ వినిపిస్తుంది. ఆ రాత్రీ వినిపించింది. కాని దానికి ముందున్న ఆ నిరాకరణ సంవత్సరాన్ని గూర్చి ఒక్క ప్రసంగీకుడు చెప్పగా నేను వినలేదు. నా మనవి ఏమంటే, ఆ సంఖ్యకు గౌరవం తెచ్చినది ఆ సంవత్సరమే. వద్దన్న ఏడాది లేకపోతే రమ్మన్న రోజుకు విలువే లేదు.

ఇక్కడ మరొక ప్రక్కవారికీ ఒక మాట చెప్పాలి. మతప్రచారమే మహాపాపమని, మా పెద్దలు గోధుమపిండికీ పాలపొడికీ అమ్ముడుపోయారని తరచు వ్రాసే మిత్రులున్నారు. వారి వ్యాసాలను నేను ఓపికతో చదువుతూనే ఉన్నాను. అయ్యా! మా ముత్తాతకు అన్నం పెట్టినవాడు ఆ ఏడాది మతం పెట్టలేదు, కూలి ఇచ్చాడు. తరువాత మా ముత్తాత మతం పుచ్చుకొన్నాడంటే, తన నీడ తగిలితే మైలపడే ఊళ్ళో తనను పేరుపెట్టి పిలిచి ప్రక్కన కూర్చోబెట్టుకొన్న చోటికి పోయాడు. దానికి ఆత్మరక్షణ అనండి, ఆత్మగౌరవం అనండి, రక్షణ అనండి. ఒకవేళ ఆకలికోసమే పోయాడనుకొందాం. అప్పుడు సిగ్గుపడవలసినవాడు ఆకలిగొన్నవాడా, పక్కింట్లో గాదె నింపుకొని కూర్చున్నవాడా? పైగా ఈ మార్పువల్ల మాకు ఒరిగిన లౌకికలాభం ఏమిటో కూడా చూడండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు ఇచ్చింది, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు, క్రైస్తవులకు విస్తరించలేదు. అమ్ముడుపోయినవాడు ఎదురు సొమ్ము కట్టడం ఎక్కడైనా ఉన్నదా?

* * *

మళ్ళీ మావాళ్ళ దగ్గరకే వస్తాను. నా తగవు వారితోనే.

2018 నవంబరులో జాన్ అలెన్ చౌ అనే ఇరవై ఆరేళ్ళ అమెరికన్ యువకుడు అండమానులోని ఉత్తర సెంటినెల్ ద్వీపానికి చట్టాన్ని దాటి పోయి, అక్కడివారి బాణాలకు ప్రాణాలు కోల్పోయాడు. అతని చిత్తశుద్ధిని నేను శంకించను. చచ్చిపోయిన బిడ్డను గూర్చి పరుషంగా మాట్లాడను. కాని అతణ్ణి హతసాక్షిగా నిలబెట్టి, మీరూ ఇలా కదలండని పిల్లలకు చెప్పేవారిని మాత్రం అడుగుతాను. ఆ ద్వీపవాసుల భాష బయటివారెవరికీ తెలియదు. బయటి జబ్బులకు తట్టుకొనే శక్తి వారికి లేదని తెలిసే ప్రభుత్వం ఆ దీవికి ఎవరినీ పోనివ్వదు. ఒక్క జలుబు ఆ జాతిని తుడిచిపెట్టవచ్చు. శిష్యులనుగా చేయవలసినవారే మిగలకుండా పోయే వెళ్ళడం ఏ ఆజ్ఞకు విధేయత? అతణ్ణి డబ్బుకు దించిన పేద జాలరులు అరెస్టయ్యారు. వారి పిల్లలకు ఏ సభలో ప్రార్థన చేశారు?

దీనికి ప్రక్కనే గ్రాహం స్టెయిన్స్‌ను నిలబెట్టి చూడండి. 1999 జనవరి 22 రాత్రి మనోహరపురంలో ఆయనను, ఇద్దరు చిన్నకొడుకులను జీపులో సజీవదహనం చేశారు. మా సభలో ఆ మంటల వర్ణన పావుగంట సాగింది. స్త్రీలు వెక్కివెక్కి ఏడ్చారు. కాని 1965 నుండి ఆ రాత్రివరకు మయూర్‌భంజ్ జిల్లాలో కుష్ఠురోగుల మధ్య ఆయన గడిపిన కాలం ఒక్క వాక్యంలో అయిపోయింది. ముప్పై నాలుగేళ్ళు! నేను బడిలో గడిపిన కాలమూ అంతే గనుక దాని నిడివి ఎంతో నాకు తెలుసు. అన్ని సంవత్సరాలపాటు పుళ్ళు కడగడం పిలుపు. చావు ఆ పిలుపు కాదు, హంతకుల నేరం. చావును చూపించి పిల్లలను పిలవడం చనిపోయినవారికీ అవమానమే. గుంటూరులో అన్నా కూగ్లర్ 1883లో వచ్చి, వైద్యం మిషను పనే కాదన్నవారితో ఏళ్ళ తరబడి వాదించి, 1898కి ఆసుపత్రి తలుపులు తెరిచింది. ఆమె కథలో మంటలు లేవు. అందుకేనేమో సభల్లో వినిపించదు.

ప్రభువు కూడా ఈ విషయంలో ఊరుకోలేదు. ఒక్కణ్ణి తమ మతంలో కలుపుకోవడానికి సముద్రాన్నీ భూమినీ చుట్టివచ్చి, కలిపిన తరువాత వాణ్ణి తమకంటె రెట్టింపు చెడ్డవాణ్ణి చేసేవారిని ఆయన ఎంత కఠినంగా నిందించాడో మత్తయి సువార్త ఇరవైమూడవ అధ్యాయంలో ఉన్నది. వెళ్ళమన్న సువార్తలోనే ఆ మాటా ఉన్నది. ఆ అధ్యాయం మిషనరీ సభల్లో ఎందుకు చదవరు?

* * *

నేను కోరేది చిన్న సంగతి. దీపాలు తగ్గించకండి, వెలుగులో పిలవండి. లేచినవాణ్ణి రెండేళ్ళు ఆగమనండి. చదువు పూర్తిచేయనివ్వండి. పోబోయే చోటి భాష, లిపి నేర్పించండి. చేతికొక విద్య, అది నర్సు పనో కరెంటు పనో వడ్రంగమో, నేర్పి పంపండి. ఇంటివద్ద తల్లికి తిండి ఎట్లాగో చూడండి. ఆపై నెలనెలా ఆత్మల పట్టిక అడగకండి. దోర్నకల్లు అజరయ్యగారు తమిళుడు. 1909లో మన ప్రాంతానికి వచ్చి తెలుగు నేర్చి, మనలో ఒకడై, 1912లో మనకు బిషపు అయ్యాడు. 1910లో ఎడింబరో మహాసభలో పాశ్చాత్య మిషనరీల ఎదుట నిలబడి, మీ త్యాగాలు గొప్పవే, మీ స్నేహం ఏదీ అని నిలదీసినదీ ఆయనే. ఆ ప్రశ్న ఇప్పుడు మనవైపు తిరిగింది. మనం పోయే కొండలవారు మనకు స్నేహితులా, సంఖ్యలా?

ఇంతవరకు వ్రాసి, నా వాదం బాగుందని తృప్తిపడి, కుఱ్ఱవాణ్ణి మళ్ళీ పిలిపించాను. ఇదంతా వాడికి చెప్పాను. మా బడిలో చెప్పినట్టే వాడు శ్రద్ధగా విన్నాడు. చివరకు, “డిప్లొమా అయ్యేదాకా ఆగుతాను మాస్టారూ” అన్నాడు. అమ్మయ్య అనుకొన్నాను. వాడు చెప్పులు తొడుక్కొంటూ, “మాస్టారూ, మీరెప్పుడన్నా వెళ్ళారా?” అని అడిగాడు.

వెటకారం లేదు. తెలుసుకోవాలనే అడిగాడు.

మిత్రులారా, మా ఊళ్ళో రెండు దేవాలయాలున్నాయి. ఒకటి మా మాదిగవారిది, ఒకటి మాలవారిది. మధ్యనున్న దూరం రెండువందల గజాలు. రెంటిలోనూ అదే బైబిలు. అవే పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు. శ్మశానాలు మాత్రం రెండు. జాషువ మహాకవిని పురాణకథలు వ్రాస్తున్నాడని దూరం పెట్టిన సంఘాలు మావి. కులాన్ని దూరం పెట్టలేకపోయాయి. బడిలో నాతో ముప్పైయేళ్ళు కలిసి పనిచేసిన లెక్కల మాస్టారు ఆ రెండవ దేవాలయంవారు. ఆయన పోయినప్పుడు నేను బడితరఫున పూలదండ పట్టుకొని ఇంటిదాకా పోయాను, ఆరాధనకు పోలేదు. ఎవరూ వద్దనలేదు. ఎవరూ రమ్మనలేదు. రమ్మని నేనూ ఎన్నడూ ఎవరినీ పిలవలేదు.

ఒడిశా కొండలు మా ఊరినుండి వందల మైళ్ళు. ఆ కుఱ్ఱవాడు ఏదో ఒకనాటికి అక్కడికి చేరతాడేమో. నేను రెండువందల గజాలు దాటలేదు. వ్యాకరణం నాకు తెలుసు. ‘వెళ్లి’ అసమాపక క్రియ అని ఇంతసేపు వాదించాను. కాని అసలు వెళ్ళనివాడికి సమాపక క్రియ ఎక్కడినుండి వస్తుంది?

వాడికి ఆనాడు జవాబు చెప్పలేదు. ఆదివారం ఉదయం ఆ దేవాలయంలో ఆరాధన తొమ్మిదింటికి మొదలవుతుందని మాత్రం కనుక్కొన్నాను.

నా వాదంలో దోషాలుంటే సహృదయులు నిర్మొహమాటంగా ఖండించవలసిందిగా ప్రార్థన. విశ్వాసులైనా, కాకపోయినా సరే.